కాటా దగ్గర

పఠన భాగం: లూకా 3:7–22

యొర్దాను ప్రాంతంలో యోహాను చేసిన ప్రసంగం చెవికి ఇంపైనది కాదు. బాప్తిస్మం కోసం నడిచి వచ్చినవాళ్లనే పాముపిల్లలన్నాడు. గొడ్డలి ఇప్పటికే చెట్టు వేరు దాకా వచ్చిందన్నాడు. అబ్రాహాము వంశమన్న పేరు చూసుకుని ధీమాగా ఉండొద్దని మొహం మీదే చెప్పాడు. అంతా విన్నాక జనం ఒకే ప్రశ్న వేశారు. అయితే మేమిప్పుడు ఏం చేయాలి? మూడు గుంపులు ఈ ప్రశ్నతో వచ్చినట్టు లూకా రాశాడు. ముందు మామూలు జనం, తర్వాత సుంకరులు, ఆ తర్వాత సైనికులు.

యోహాను యాజకుడి కొడుకు. తండ్రి జెకర్యా దేవాలయంలో ధూపం వేస్తుండగానే ఈ బిడ్డ పుట్టబోతున్నాడన్న కబురు అందింది. అలాంటి ఇంట్లో పుట్టినవాడు బలి తీసుకురమ్మంటాడనో, పండుగకు యెరూషలేము వెళ్లి మొక్కు చెల్లించమంటాడనో ఎవరైనా అనుకుంటారు. పోనీ, తానే అరణ్యంలో బతుకుతున్నాడు కదా, మిడతలూ అడవితేనే తింటూ ఇక్కడే ఉండిపొమ్మంటాడేమో. ఆ రెండింటిలో ఏదీ చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి, తిండి ఉన్నవాడూ అంతే చేయాలి. సుంకరి తనకు నిర్ణయించినంతే వసూలు చేయాలి. సైనికుడు ఎవరినీ బెదిరించి డబ్బు గుంజకూడదు, అబద్ధపు నేరం మోపకూడదు, వచ్చే జీతంతో సరిపెట్టుకోవాలి. చెప్పింది ఇంతే.

గొడ్డలి, నిప్పు, రాబోయే ఉగ్రత అంటూ మొదలైన ప్రసంగం చివరికి అంగీ దగ్గరా జీతం దగ్గరా వచ్చి ఆగింది. నెమ్మదిగా చదివితే కాస్త నిరాశ కూడా కలుగుతుంది. ఇంతోటి దానికేనా అంత గర్జన అనిపిస్తుంది. అయితే ఆ చిన్న జవాబుల్లో ఒక సూక్ష్మం ఉంది.

ఆ రోజుల్లో సుంకం వసూలు ఎలా సాగేదో మన పల్లెల్లో వారపు సంత ఆశీలు పాట చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు. పాట పాడి హక్కు దక్కించుకున్నవాడు పైవాళ్లకు కట్టాల్సిన సొమ్ము ముందే ఖాయమవుతుంది. ఆపైన ఎంత రాబట్టుకుంటే అంతా అతనిదే. ఆకుకూరల గంప దించిన ముసలమ్మ దగ్గర ఐదుకు బదులు పది తీసుకుంటే రసీదు అడిగేదెవరు? సుంకరికి చెయ్యి జారే చోటు సరిగ్గా అదే. సైనికుడికి అది వేరే చోట ఉంటుంది. అతని చేతిలో ఆయుధం ఉంది, ఎదుటివాడు నోరెత్తలేడు. అందుకే యోహాను ఇద్దరికీ ఒకే ఉపదేశం చెప్పలేదు. ఎవరి పనిలో ఏ చోట పాపం సులువో కనిపెట్టి అక్కడే వేలు పెట్టాడు. ఆ సైనికులు రోమీయులో హేరోదు మనుషులో లూకా రాయలేదు. ఎవరి కొలువైనా ప్రలోభం ఒకటే కాబట్టి కాబోలు.

ఇక మన ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గరికి వద్దాం. బస్తా 40 కిలోలు. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. తేమ సరిపోయినా తాలు ఉందనో మట్టి ఉందనో చెప్పి, తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు ఎక్కువ తూస్తున్నారని తెలంగాణ రైతు సీజన్ సీజన్‌కూ మొత్తుకుంటూనే ఉన్నాడు. బస్తాకు రెండు కిలోలంటే వినడానికి పెద్ద మాటేమీ కాదు. వంద బస్తాలకు లెక్క కడితే అది రెండు క్వింటాళ్లు. 2025–26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే ఒక్క రైతు దగ్గర 4,738 రూపాయలు పోయినట్టు. అప్పు చేసి మందుకట్టలు కొన్న రైతుకు ఆ సొమ్ము విలువ ఎంతో వేరే చెప్పాలా?

కాటా మీద చెయ్యి వేసే మనిషి, చీటీ రాసే మనిషి, మిల్లు గుమస్తా, మిల్లు యజమాని. వీళ్లలో ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లూ ఉంటారు. వాళ్ల భక్తి ఎంతో చెప్పమంటే వాళ్లు ఎంత బాగా పాడతారో, కానుక ఎంత వేస్తారో, ఉపవాసాలు ఎన్ని ఉంటారో మనం చెబుతాం. యోహాను అయితే కాటా చూపించమంటాడు. ధర్మశాస్త్రమూ ఆ మాటే అంది. సంచిలో బరువైన తూకపురాయి ఒకటీ తేలికది ఒకటీ పెట్టుకుని తిరగొద్దని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం ఆజ్ఞాపించింది. లేవీయకాండం 19 మరీ ఆశ్చర్యం. నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ణీ ప్రేమించాలన్న ఆజ్ఞ, త్రాసు సరిగ్గా ఉండాలన్న ఆజ్ఞ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మొదటిదాన్ని మనం పటం కట్టించుకున్నాం. రెండోదాని మీద ప్రసంగం విన్నవాళ్లు ఎందరుంటారు?

మన సంఘాల్లో సాక్ష్యాల సమయం సంగతి కూడా ఇలాగే ఉంది. ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెబుతాం. ప్రమోషన్ గురించి, వీసా స్టాంపింగ్ గురించి, కొత్త దుకాణం గురించి చెబుతాం. చెప్పాల్సిందే, దేవునికి స్తోత్రం చెల్లించాల్సిందే. కానీ వచ్చిన ఆ ఉద్యోగం ఎలా చేస్తున్నామో చెప్పడానికి మైకు అందుకునేవాళ్లు అరుదు. దుకాణం బోర్డు మీద యెహోవా యీరే అని రాయించుకున్నవాళ్లం, లోపలి త్రాసు కోసం ప్రార్థన చేయమని కాపరిని ఎప్పుడైనా అడిగామా? అమీర్‌పేట నుంచి డల్లాస్ దాకా మన పిల్లల్లో కొందరు లేని అనుభవాన్ని రెజ్యూమేలో ఎక్కిస్తున్నారు, ఇంటర్వ్యూలో తమ బదులు ప్రాక్సీని కూర్చోబెడుతున్నారు. ఇది ఎవరికీ కొత్త సంగతి కాదు. అలాంటి ఇంట్లో హెచ్-1బీ లాటరీ కోసం ఉపవాస ప్రార్థన పెడితే, పిలిస్తే వెళ్లిన మనం దేనికి ఆమేన్ అంటున్నట్టు? మాట కటువుగా ఉందని తెలుసు. యొర్దాను ఒడ్డున ఇంతకన్నా కటువైన మాటలు పడ్డవాళ్లు లేచి వెళ్లిపోలేదు, ఇంకా దగ్గరికి వచ్చి అడిగారు.

డబ్బు చేతిలో ఆడనివాళ్లు దీన్నుంచి తప్పించుకున్నామనుకోవద్దు. రాత్రి షిఫ్టులో బీపీ చూడకుండానే చార్టులో అంకెలు వేసే నర్సుకు అదే చోటు. ఉపాధి హామీ మస్టరులో పనికి రాని మనిషికి హాజరు వేసేవాడికీ అదే చోటు. పనిమనిషి జ్వరంతో రెండు రోజులు రాకపోతే జీతం కోసే ఇల్లాలు, అదే నెలలో ఆఫీసు నుంచి జీతం కోత లేని సెలవు తీసుకుని ఉండొచ్చు. ఆమె కాటా వంటింట్లోనే ఉంది.

తెలుగు సంఘాల చరిత్రలో ఒంగోలు ప్రాంతపు విశ్వాసులు మరువని తేదీ 1878 జూలై 3. ఆ ఒక్క రోజు గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ లెక్క ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. దాని వెనక ఉన్న కాలువ సంగతి అంతగా వినిపించదు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ అందులో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసినవాడు కనుక ఆ పని అతనికి కొత్త కాదు. ఆకలితో వచ్చిన మాదిగపల్లెల జనానికి అక్కడ పని దొరికింది, కూలి దొరికింది. అజమాయిషీకి క్లౌ తన తెలుగు ప్రసంగీకులనే కాలువ గట్టు మీద నిలబెట్టాడు. కరువు ఉన్నన్నాళ్లూ, బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకు కూడా ఇవ్వలేదు. గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. చివరికి గుండ్లకమ్మలో దిగి బాప్తిస్మమిచ్చింది కూడా దొర కాదు. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు.

నాకు ఆ సంఖ్య కన్నా ఆ గట్టు మీదే ధ్యాస ఎక్కువ. అర్ధాకలి మనిషి తవ్విన మట్టికి కొలత చూసే చోట ప్రసంగీకుడు నిలబడితే, అతను చెప్పేదీ చేసేదీ ఒకే జనం కళ్లముందు ఉంటాయి. పగలు కొలతలో దగా చేసి ఉంటే సాయంత్రం అతని సువార్త వినడానికి ఎవరు కూర్చునేవారు? ఆ నెలల్లో గట్టు మీద ఒక్క కీర్తన పాడకపోయినా సాక్ష్యం సాగుతూనే ఉండేది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి ముందుకు పోకూడదు. కాటా యజమానిది, చెయ్యి గుమస్తాది. రెండు కిలోలు ఎక్కువ తూయమని పైనుంచి మాట వస్తే, ఆ జీతం మీదే ఇల్లు గడిచేవాడు ఏం చేయాలి? బైబిలు దీనికి ఒకే జవాబు ఇవ్వలేదు. సుంకరి అయిన లేవి సుంకపు మెట్టు విడిచి లేచి వెళ్లిపోయాడు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ తర్వాత పని మానేశాడో లేదో లూకా చెప్పలేదు. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానులున్నారు. మగబిడ్డ పుడితే చంపమన్నాడు ఫరో. వాళ్లు కొలువు మానలేదు, ఆజ్ఞా పాటించలేదు. కాన్పులు చేశారు, బిడ్డల్ని బతకనిచ్చారు. మంత్రసాని పని అదే కదా. ఆ ఫరో పేరు రాయని గ్రంథం ఈ ఇద్దరు పనివాళ్ల పేర్లు రాసిపెట్టింది. మానేయడమా, ఉంటూనే మాట వినకపోవడమా అన్నది ఎవరి పని దగ్గర వాళ్లు ప్రార్థనలో తేల్చుకోవాల్సిందే. మొదటిది ఎప్పుడూ గొప్పదనీ రెండోది పిరికితనమనీ నేను అనుకోను.

అయితే ఒకటి మాత్రం యోహాను మాటల వరుసలోనే కనిపిస్తుంది. సుంకరులకూ సైనికులకూ చెప్పడానికి ముందు అతను జనమందరికీ చెప్పిన జవాబు అంగీ గురించి, అన్నం గురించి. దొంగతూకం వేయనన్న గుమస్తా ఇంట్లో వచ్చే నెల బియ్యం ఉండకపోవచ్చు. అబద్ధపు రెజ్యూమే ఇవ్వనన్న కుర్రాడు ఇంకో ఏడాది ఖాళీగా ఉండొచ్చు. అతనికి అంగీ ఎవరివ్వాలి? రెండు ఉన్నవాళ్లు. నిజాయితీగా ఉండమని వేదిక మీద నుంచి చెప్పి, ఉండి నష్టపోయినవాడి గడప తొక్కని సంఘం యోహాను జవాబులో సగమే విన్నది.

ఆ వరుసలోనే, సైనికులకు జవాబు చెప్పిన ఏడు వచనాల తర్వాత, ఇంకొకరు బాప్తిస్మానికి వచ్చారు. ఆయన వయసు దాదాపు 30 ఏళ్లని లూకా రాశాడు. వడ్లంగి అని మార్కు 6వ అధ్యాయం చెబుతుంది. నాగళ్లూ కాడిమానులూ చేసేవారని రెండో శతాబ్దంలో జస్టిన్ రాశాడు. కాడి నున్నగా చెక్కకపోతే ఎద్దు మెడ పుండు పడుతుంది, ఆ సంగతి నజరేతు రైతులకూ తెలుసు. అప్పటికి ఆయన కొండమీద ప్రసంగం చేయలేదు, రోగి మీద చెయ్యి వేసిన సంగతి ఒక్కటీ లూకా ఇంకా చెప్పలేదు. అయినా ఆకాశం తెరుచుకుంది, ఈ కుమారుడంటే తనకు ఎంతో ఇష్టమని తండ్రి స్వరం పలికింది. నజరేతులో గడిచిన ఆ పనిరోజులన్నీ ఆ ఇష్టంలో ఉన్నాయని నా నమ్మకం.

ఈ రోజు పనిలోకి వెళ్లేముందు యొర్దాను ఒడ్డున వాళ్లు అడిగిందే అడుగుదాం, మన పని పేరు చెప్పి మరీ అడుగుదాం.

ప్రార్థన: తండ్రీ, నా పనిలో చెయ్యి జారే చోటు నాకు తెలుసు, నీకూ తెలుసు. ఈ రోజు ఆ చోట నా చెయ్యి పట్టుకో. నేను ఎక్కువ తీసుకున్నది ఎవరి దగ్గరో గుర్తుచేసి, తిరిగి ఇచ్చే ధైర్యం కలిగించు. పైవాడి మాట కాదని పని పోగొట్టుకున్న మా సహోదరుడి ఇంటికి ఈ వారమే బియ్యం చేర్చే మనసు మా సంఘానికి ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.