మోయగలిగినంత బరువు

కాలు విరిగిన మనిషిని చూడటానికి వచ్చినవాళ్ళు ఇంచుమించు ఒకే మాట చెప్పి వెళతారు: "ఏం బెంగపెట్టుకోకండి, కాలమే నయం చేస్తుంది." మంచి మనసుతో చెప్పే మాట. అందులో సగం నిజం ఉంది. చీలమండ విరిగి, పిండికట్టుతో మంచానికి అతుక్కుపోయి, ఆ తర్వాత మళ్ళీ నడక నేర్చుకున్న నెలల్లో నేను ఎక్కువగా ఆలోచించింది మిగతా సగం గురించే. ఎముకను అతికించే పని కాలానిది. నడక తెచ్చిపెట్టే పని మనది. ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు పూనుకోవాలో తెలుసుకోవడం ఒక్క కాలికే కాదు, మొత్తం బతుక్కే అవసరమని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ముందు కాలం చేసే పని చూద్దాం. ఎముక విరిగినచోట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ ఉన్నచోట మెత్తటి మృదులాస్థి అల్లుకుంటుంది. క్రమంగా అందులోకి కాల్షియం చేరి, అది గట్టిపడి, విరిగిన రెండు కొనలనూ పట్టి ఉంచుతుంది. మామూలుగా ఇందుకు 6 నుంచి 12 వారాలు పడుతుంది. పని అక్కడితో అయిపోదు. ఎక్కువగా పేరుకున్న ఎముకను కొన్ని కణాలు కరిగిస్తూ ఉంటే, కావలసినచోట మరికొన్ని కణాలు కొత్తగా కడుతూ ఉంటాయి. ఈ దిద్దుబాటు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. చర్మానికి లోతుగా గాయమైతే మచ్చ మిగిలిపోతుంది. ఎముక మాత్రం మచ్చతో సరిపెట్టుకోదు, మళ్ళీ అచ్చమైన ఎముకగానే తయారవుతుంది.

ఈ పనికి తోడుగా మనం చేయగలిగింది కదలకుండా ఉండటం. అందుకే మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు మర్రి, రావి, వెదురు లాంటివాటి బెరళ్ళతో, బద్దలతో కట్టు కట్టమన్నాడు. కాలు విరిగినవాణ్ణి చెక్క పలక మీద పడుకోబెట్టి, అటూఇటూ మేకులు దిగ్గొట్టి, కాలు జరగకుండా కట్టే పద్ధతి చెప్పాడు. కట్టు వదులైతే ఎముక నిలవదనీ, బిగువైతే వాపూ నొప్పీ తప్పవనీ హెచ్చరించాడు. 1850లలో డచ్ సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి అద్దిన గుడ్డలతో కట్టే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన పుత్తూరులో ఇప్పటికీ ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టు కడతారు. అయితే చీలమండ ఒంటి బరువంతా మోసే కీలు కాబట్టి అక్కడ ఎముక పక్కకు జరిగితే కొద్దిపాటి తేడా కూడా ఉంచకూడదు. ఉంచితే కీలు తొందరగా అరిగిపోతుంది. అందుకే అలాంటప్పుడు డాక్టర్లు ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేస్తారు. పద్ధతులు వేరైనా, కట్టు కట్టినవాళ్ళంతా మనల్ని అడిగేది ఒక్కటే: ఎముక పని ఎముకను చేసుకోనివ్వమని.

వినడానికి తేలికే. కానీ ఇల్లంతా తన చేతుల మీదుగా నడిపించిన మనిషికి ఒక గ్లాసు మంచినీళ్ళ కోసం ఇంకొకరిని పిలవడం ఎంత కష్టమో పిలిచినప్పుడే తెలుస్తుంది. వంటింట్లో కుక్కర్ కూత వినిపిస్తుంటుంది, పోపు మాడుతున్న వాసన వస్తుంది, లేవలేం. రెండు దిండ్ల మీద కాలు ఎత్తి పెట్టుకుని, కాలివేళ్ళు మాత్రం కదిలిస్తూ పడుకోవాలి. పిక్క కండరాలు కదిలినప్పుడల్లా కాలిలోని రక్తాన్ని పైకి నెడతాయి. ఆ కదలిక ఆగిపోతే వాపు వస్తుంది, ఒక్కోసారి రక్తం గడ్డలు కట్టే ప్రమాదమూ ఉంది. చేయగలిగింది వేళ్ళు ఆడించడమే అయినప్పుడు ఆ కాస్త పనినీ శ్రద్ధగా చేయడమే ఓర్పు. అన్నీ వదిలేసి పడుకోవడాన్ని ఓర్పు అనలేం. మావారు పెట్టిన కాఫీ నేను పెట్టుకున్నట్టు ఉండకపోయినా, దాన్ని ప్రేమగా పుచ్చుకోవడం ఆ రోజుల్లో నేను అలవరచుకున్న మరో ఓర్పు.

కట్టు కోసిన రోజున లోపలి నుంచి బయటపడిన కాలు నాదేనని నమ్మబుద్ధి కాలేదు. చర్మం తెల్లగా ఎండిపోయి పొలుసులు రాలుతోంది. పిక్క సగమైపోయింది. పాదాన్ని పైకి లాగుదామంటే తుప్పుపట్టిన తలుపు బందులా మొరాయించింది. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు, "చక్కగా అతుక్కుందమ్మా, ఇక నడవొచ్చు" అన్నారు. ఎముక సిద్ధంగా ఉంది. నడక మాత్రం ఎటో వెళ్ళిపోయింది. ఎముకను అతికించిన ఆ వారాలే కండను కరిగించాయి, కీలును బిగదీశాయి. నయం చేస్తుందని మనం నమ్ముకున్న కాలం, దాని మానాన దాన్ని వదిలేస్తే, తీసుకుపోయేవి కూడా ఉంటాయి.

జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లో ఒక సూత్రం ప్రకటించాడు. తన మీద పడే బరువును బట్టి ఎముక తనను తాను మలచుకుంటుందని దాని సారం. బరువు పడితే దట్టమవుతుంది, పడకపోతే పలచబడుతుంది. భూమి ఆకర్షణ తెలియని అంతరిక్షంలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకు, బరువు మోయవలసిన ఎముకల సాంద్రత నెలకు సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అందుకే వాళ్ళు అక్కడ కూడా రోజూ గంటల కొద్దీ వ్యాయామం చేస్తారు. అంటే నిన్నటిదాకా బరువు నుంచి కాపాడుకోవలసిన ఎముకకే ఇవాళ్టి నుంచి బరువు మందు. ఎంత బరువు, ఎప్పుడు అన్నదే ప్రశ్న.

దానికి జవాబు ఫిజియోథెరపీ గదిలో కళ్ళారా చూశాను. బరువు చూసుకునే మిషన్ ఒకటి నేల మీద పెట్టి, దాని పక్కన అంతే ఎత్తున్న చెక్క పెట్టింది అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి. మంచి కాలు చెక్క మీద, నొప్పి కాలు మిషన్ మీద. రెండు చేతులూ కడ్డీల మీద. "మెల్లగా నొక్కండి ఆంటీ. ముల్లు పది దాటొద్దు" అంది. కాలు ఆనించగానే ముల్లు రెండు దగ్గర వణికింది. నాలుగు. ఆరు. మడమలోంచి ఒక జలదరింపు మోకాలి దాకా పాకింది. ఎనిమిది దగ్గర ఊపిరి బిగబట్టాను. "ఊపిరి వదలండి, కిందికి చూడకండి, నేను చెబుతాను కదా" అంది. పది కిలోలంటే నా ఒంటి బరువులో ఎంత! అయినా ఆ పది కిలోలూ నిజంగా నా కాలే మోసింది. కొన్నాళ్ళకు అది ఇరవై అయింది, తర్వాత ముప్ఫై. ఎంత మోయాలో తెలిస్తే భయం సగం తగ్గుతుందని అక్కడ అర్థమైంది. నడవాలి అనుకుంటే గుండె జారుతుంది. పది కిలోలు ఆనించాలి అనుకుంటే ఆనించగలం.

చేతి ఎముక విరిగి అతుక్కున్నవాడికి సుశ్రుతుడు చెప్పిన అభ్యాసమూ ఇదే దారిలో ఉంటుంది. ముందు మట్టిముద్ద లాంటి మెత్తనివి పట్టుకోవాలి. చేతికి బలం వచ్చాకే రాయి పట్టాలి. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత ముల్లున్న మిషన్ వచ్చింది కానీ సూత్రం మారలేదు. మట్టిముద్ద దగ్గరే ఆగిపోతే చేయి పనికిరాకుండా పోతుంది. మొదటిరోజే రాయి ఎత్తితే మళ్ళీ విరుగుతుంది.

ఇక నడక. బాగున్నప్పుడు ఎన్నడూ పట్టించుకోని సంగతులు అప్పుడు ఒక్కొక్కటే తెలిశాయి. మడమ ముందు ఆనుతుంది, బరువు పాదం మీదుగా ముందుకు సాగుతుంది, చివరికి బొటనవేలు నేలను వెనక్కి తోస్తుంది. ప్రతి కాలూ నడక సమయంలో దాదాపు 60 శాతం నేల మీద, 40 శాతం గాలిలో గడుపుతుంది. మామూలు నడకకు చీలమండ పది డిగ్రీల దాకా ముందుకు వంగాలి. మెట్లు దిగడానికి ఇంకా ఎక్కువ వంగాలి, అందుకే ఎక్కడం కన్నా దిగడం ఆలస్యంగా వస్తుంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర నొప్పి ఉన్నవైపు కాకుండా రెండోవైపు పట్టుకోవాలి. నొప్పి కాలు నేల మీద ఆనినప్పుడు కర్ర కూడా ఆని, బరువు పంచుకుంటుంది.

శరీరానికి అడ్డదారులు బాగా తెలుసు. నొప్పి తప్పించుకోవడానికి పాదాన్ని బయటికి తిప్పుతుంది, నడుము ఎగరేస్తుంది, బరువంతా రెండో కాలి మీదికి నెడుతుంది. ఆ కుంటు అలవాటైపోతే నొప్పి పోయాక కూడా పోదు. గబగబా పది తప్పటడుగులు వేయడం కన్నా నిదానంగా రెండు సరైన అడుగులు వేయడం మేలు. దెబ్బ తిన్న కీలుకు తానెక్కడ ఉన్నదీ, ఎటు వంగినదీ తెలిపే జ్ఞానం కూడా మందగిస్తుంది. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, కొన్నాళ్ళకు కళ్ళు మూసుకుని నిలబడటం ఆ జ్ఞానాన్ని తిరిగి పిలవడానికే.

నొప్పి గురించి ఆ అమ్మాయి చెప్పిన మాట నా జీవితంలో చాలా చోట్ల పనికొచ్చింది. చేస్తున్నప్పుడు నొప్పి పుట్టిందా లేదా అన్నది కాదు చూడవలసింది, మర్నాడు పొద్దున కాలు ఎలా ఉందో చూడాలి అంది. నొప్పి సర్దుకుంటే నిన్న చేసింది తగినంత. వాపు పెరిగి, నొప్పి నిలిచిపోతే నిన్న చేసింది ఎక్కువ. కష్టపడితేనే ఫలితం అనేవాళ్ళకూ, కష్టమే వద్దనేవాళ్ళకూ అందని లెక్క ఇది.

నర్తకి సుధా చంద్రన్ 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్నారు. జైపూర్ కాలు పెట్టించుకుని, నడక నేర్చుకుని, 1984లో మళ్ళీ వేదిక ఎక్కారు. 'మయూరి' సినిమాలో ఆమె పాత్రను ఆమే పోషించడం వల్ల మన తెలుగువాళ్ళకు ఆ కథ ఇంటి కథ అయింది. డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1968లో రూపొందించిన ఆ కాలికి ఒక ప్రత్యేకత ఉంది. చీలమండ దగ్గర వంగుతుంది కాబట్టి గొంతుక్కూర్చోవచ్చు, బూటు లేకుండా పొలంలో నడవొచ్చు. మన బతుకులో నేల మీద కూర్చోవడం ఎంత పెద్ద భాగమో గుర్తించి చేసిన కాలు అది. ఎంత కాలం గడిచినా పోయిన కాలు తిరిగి రాదు. ఆమెకు ఆట తెచ్చిపెట్టింది అభ్యాసం.

ఆప్తులు పోయినవారికీ, ఉద్యోగం పోయినవారికీ కూడా మనం కాలం మీదే భారం వేసి చెబుతాం. మొదటి రోజుల్లో అది నిజమే. అప్పుడు వాళ్ళను లేపి నడిపించబోవడం దయ అనిపించుకోదు. కానీ ఒక దశ దాటాక దుఃఖంలో ఉన్నవారికి కూడా ఒక చిన్న బరువు కావాలి. ఒక ఫోను, ఒక పలకరింపు, బజారుకు వెళ్ళి కూరలు తెచ్చుకోవడం. అది లేకపోతే మనసు కూడా పిక్కలాగే పలచబడుతుంది.

ఈ మాట మన ఇళ్ళలో పెద్దవాళ్ళ విషయంలో మరీ పట్టించుకోవాలి. అమ్మకో నాన్నకో కాలు విరిగితే మనం ప్రేమతో చేసే మొదటి పని, వాళ్ళ చేతిలోంచి పనులన్నీ లాగేసుకోవడం. "నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" అంటాం. కట్టు ఉన్నన్నాళ్ళూ ఆ మాట మందే. కట్టు విప్పాక కూడా అదే మాట కొనసాగితే ఆ మనిషి మంచం దిగడు. ఎముక అతుక్కున్నా నడక పోగొట్టుకున్న పెద్దవాళ్ళు మన చుట్టూ కనిపిస్తూనే ఉంటారు. అందుకే మెట్లకు, బాత్రూముకు పట్టుకోవడానికి గట్టి కడ్డీలు పెట్టించండి. డాక్టరు సరేనన్నాక రోజూ పక్కన నిలబడి నడిపించండి, వాళ్ళ వేగానికి మీ వేగం తగ్గించుకోండి. వాళ్ళు మోయగలిగిన పని ఒకటి వాళ్ళకే వదిలేయండి: కూర్చుని కూరలు తరగడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం, వాకిట్లో మొక్కకు నీళ్ళు పోయడం. రేపు ఇంకొంచెం పెంచండి. ఎదుటి మనిషి మోయగలిగినంత బరువును ఆ మనిషికే ఉంచడం కూడా ప్రేమే. మోయలేనప్పుడు మోసిపెట్టడం కన్నా అది కష్టం, కానీ మళ్ళీ నిలబెట్టేది అదే.