భక్తత్యాగ దోషం: శునక-మానవ అనుబంధ విజ్ఞానం – ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో 'విశ్వాసం' అనే పదం రెండు అర్థాలలో ప్రచారంలో ఉంది. ఒకరిపై ఉంచే నమ్మకం మొదటిది. ఉప్పు తిన్న ఇంటిపట్ల చూపే కృతజ్ఞత రెండవది. ఈ రెండవ అర్థానికి జనవ్యవహారం చూపే దృష్టాంతం కుక్క. 'కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదు' అన్న మాట వినని తెలుగువారు అరుదు. అదే భాషలో 'కుక్క బతుకు', 'కుక్క చావు' అనే మాటలు హీనస్థితికి పర్యాయాలుగా స్థిరపడ్డాయి. ఒకే జంతువును గుణంలో ఆదర్శంగానూ, స్థితిలో అధమంగానూ నిలిపిన ఈ వైరుధ్యం భాషకే పరిమితం కాలేదు. పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కను ముసలిదైందనో, జబ్బు చేసిందనో, ఇల్లు మారుతున్నామనో వీధిలో వదలివేయడం ఆ వైరుధ్యానికి ఆచరణరూపం.

కుక్కకూ మనిషికీ మధ్య ఉన్న అనుబంధాన్ని గత మూడు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో పరిశీలిస్తున్నారు. ఆ పరిశోధనలు రెండు నైతిక ప్రశ్నలను ముందుకు తెస్తున్నాయి. కుక్క చూపేది ప్రేమా, కేవలం శరీర రసాయనమా? అది రసాయనమే అయితే దానిపట్ల మనిషికున్న బాధ్యత తగ్గుతుందా? ఈ ప్రశ్నలను మహాభారతంలోని రెండు శునక వృత్తాంతాలతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

అనుబంధాన్ని కొలిచిన పరిశోధనలు

పసిబిడ్డకూ తల్లికీ మధ్య ఉన్న అనుబంధ స్వభావాన్ని తెలుసుకోవడానికి మేరీ ఐన్స్‌వర్త్ ఒక పరీక్షను రూపొందించారు. బిడ్డను కొత్త గదిలో ఉంచి, తల్లి బయటకు వెళ్లినప్పుడు, అపరిచిత వ్యక్తి వచ్చినప్పుడు, తల్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ప్రవర్తన ఎలా మారుతుందో గమనించడం ఆ పరీక్ష విధానం. 1998లో హంగరీకి చెందిన యోజెఫ్ తోపాల్, ఆడామ్ మిక్లోషి తదితరులు ఇదే పద్ధతిని 51 కుక్కలకూ వాటి యజమానులకూ అన్వయించారు. యజమాని ఎదుట ఉన్నప్పుడు కుక్కలు ఎక్కువగా ఆడుకున్నాయి, కొత్త చోటును స్వేచ్ఛగా పరిశీలించాయి. యజమాని వెళ్లినప్పుడు తలుపు దగ్గర నిలబడ్డాయి. తిరిగి వచ్చినప్పుడు అపరిచితుడికంటే యజమానినే ఎక్కువ ఆత్రంగా చేరుకున్నాయి. 2001లో అదే బృందం ఆశ్రయ కేంద్రాలలోని కుక్కలను పరిశీలించింది. ఒక వ్యక్తి పది నిమిషాల చొప్పున మూడుసార్లు దగ్గరకు తీసుకున్నంత మాత్రానే ఆ కుక్కలలో అనుబంధ లక్షణాలు కనిపించాయి. ఎవరూ లేని కుక్కకు ఆసరా దొరకడానికి అరగంట సాంగత్యం సరిపోయిందన్నమాట.

శరీరంలో జరిగే మార్పులపైనా పరిశోధనలు వచ్చాయి. దక్షిణాఫ్రికాలో ఒడెండాల్, మెయింట్యెస్ 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మనిషి కుక్కను ప్రేమగా నిమురుతున్నప్పుడు ఆక్సిటోసిన్, డోపమైన్, ఎండార్ఫిన్ వంటి రసాయనాలు ఇద్దరి రక్తంలోనూ పెరిగాయి. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయానికి చెందిన మిహో నాగసావా, తకెఫుమి కికుసుయి తదితరులు 2015లో 'సైన్స్' పత్రికలో మరొక ఫలితాన్ని ప్రకటించారు. యజమానితో ఎక్కువసేపు చూపు కలిపిన కుక్కలలోనూ, ఆ యజమానులలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. మనుషుల పెంపకంలో ఉన్న తోడేళ్లలో ఈ ప్రభావం కనిపించలేదు. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోను ఇక్కడా పనిచేస్తున్నదని ఆ పరిశోధకులు నిర్ధారించారు. కుక్కలకు ముక్కు ద్వారా ఆక్సిటోసిన్ ఇచ్చి చూసినప్పుడు మాత్రం ఆడకుక్కలలోనే చూపు నిలిపే సమయం పెరిగింది. కనుక ఈ ఫలితాన్ని అన్ని సందర్భాలకూ ఒకే తీరుగా వర్తించే సూత్రంగా భావించకూడదు.

రసాయనమైతే ప్రేమ కాదా?

ఈ ఫలితాలను ఆధారం చేసుకొని రెండు పరస్పర విరుద్ధమైన వాదాలు చేయవచ్చు. కుక్క ప్రేమిస్తుందని విజ్ఞానం నిరూపించిందన్నది మొదటి వాదం. అదంతా హార్మోన్ల ఆట కాబట్టి ప్రేమ అనడం భ్రమ అన్నది రెండవది. రెండవ వాదానికి బలం చేకూర్చే ఆధారం మరొకటి ఉంది. లోపలి కనుబొమను పైకెత్తే ఒక కండరం కుక్కలలో బాగా అభివృద్ధి చెందిందని, తోడేళ్లలో అది దాదాపు లేదని జూలియన్ కామిన్‌స్కీ బృందం 2019లో ప్రకటించింది. మనిషికి జాలి పుట్టించే ఆ చూపు పరిణామక్రమంలో, మనిషి చేసిన ఎంపిక వల్లే ఏర్పడి ఉంటుందని వారి అభిప్రాయం. అట్లయితే కుక్క మనిషి వాత్సల్యాన్ని దోచుకుంటున్నదని ఎవరైనా అనవచ్చు.

ఈ వాదంలో తర్కదోషం ఉంది. ఒక భావం శరీరంలో ఎట్లా పుడుతుందో చెప్పడం, ఆ భావం లేదని చెప్పడం కాదు. తల్లికి బిడ్డపై కలిగే వాత్సల్యంలోనూ అదే ఆక్సిటోసిన్ పనిచేస్తుంది. అంతమాత్రాన తల్లిప్రేమ అబద్ధమని ఎవరూ అనరు. ప్రేమకు శరీరం ఆధారమని తెలియడం వల్ల ప్రేమ విలువ తగ్గితే, మానవ సంబంధాలన్నిటి విలువా అదే మేరకు తగ్గవలసి ఉంటుంది. మొదటి వాదానికీ పరిమితి ఉంది. మూత్రంలోనో రక్తంలోనో ఒక రసాయనం పెరిగిందని తెలిసినంత మాత్రాన కుక్క అంతరంగ అనుభవం తెలిసినట్లు కాదు. అంటే విజ్ఞానం బంధం ఉనికిని ధ్రువపరచగలదు, దాని తీరును వివరించగలదు. కానీ ఆ బంధం ఏ కర్తవ్యాన్ని విధిస్తుందో అది స్వయంగా చెప్పలేదు. ఆ ప్రశ్నకు సమాధానం నీతివిచారంలో వెతకాలి.

సారమేయుడి ఫిర్యాదు

నన్నయ ఆదిపర్వం ప్రథమాశ్వాసంలోనే ఒక కుక్కపిల్ల కథ ఉంది. జనమేజయుడు చేస్తున్న సత్రయాగశాలకు సరమ కొడుకైన సారమేయుడు ఆడుకుంటూ వస్తాడు. జనమేజయుడి తమ్ములు అతణ్ణి కొడతారు. అతడు ఏడుస్తూ తల్లితో చెప్పుకుంటాడు. సరమ వచ్చి, ఏ నేరమూ చేయని నా కొడుకును ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. తాను హవిస్సును నాకలేదని, దానివైపు చూడనైనా లేదని ఆ కుక్కపిల్ల తల్లికి చెప్పినట్లు సంస్కృత మూలం పేర్కొంటుంది. నేరం లేకుండా దుర్బలులకు కీడు చేసినవారికి ఊహించని భయం ఎదురవుతుందని సరమ హెచ్చరిస్తుంది.

ఈ ఫిర్యాదుకు ఆధునిక విజ్ఞానంలో ఒక సమాంతరం కనిపిస్తుంది. ఇంట్లో ఏదో పాడుచేసిన కుక్క తల వంచుకొని, చెవులు వాల్చి, చూపు తప్పించుకుంటుందని, అది తప్పు ఒప్పుకోవడమేనని యజమానులు గట్టిగా నమ్ముతారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో దీన్ని పరీక్షించారు. తినవద్దని చెప్పిన తినుబండారాన్ని కుక్క తిన్నదా లేదా అన్న విషయంలో యజమానులకు కొన్నిసార్లు తప్పుడు సమాచారం ఇచ్చారు. 'అపరాధపు చూపు' కుక్క చేసిన పనిని బట్టి కాక, యజమాని మందలింపును బట్టి వచ్చిందని తేలింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలలో అది మరింత స్పష్టంగా కనిపించింది. మనిషి నేరాంగీకారంగా చదివినది నిజానికి కుక్క చూపిన బెదురు.

దీని నైతిక ఫలితార్థం ముఖ్యమైనది. కుక్కకు మనిషి మనసును అంటగట్టడం ప్రేమగానే మొదలవుతుంది. కానీ అదే అలవాటు శిక్షకు సమర్థనగా మారుతుంది. 'తప్పని దానికి తెలుసు' అన్న నమ్మకమే దెబ్బకు చెయ్యెత్తిస్తుంది. ప్రేమించడం ఒకటి, అర్థం చేసుకోవడం మరొకటి. అర్థం చేసుకోవడానికి ప్రయత్నించని ప్రేమ సారమేయుణ్ణి కొట్టిన చేతికి దూరంలో లేదు. కాబట్టి కుక్క స్వభావాన్ని ఉన్నదున్నట్లు తెలుసుకోవడం దాన్ని పెంచుకునేవారి బాధ్యతలో భాగం. విజ్ఞానం ఇక్కడ నీతికి ప్రత్యక్షంగా తోడ్పడుతున్నది.

ధర్మరాజు సమాధానం

ఆదిపర్వంలో కొట్టబడిన కుక్క ఉంటే, తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో విడువబడని కుక్క ఉంది. హస్తినాపురం నుంచి పాండవుల వెంట ఒక కుక్క నడుస్తుంది. ద్రౌపది, నలుగురు తమ్ములు ఒకరి తరువాత ఒకరు పడిపోతారు. ఇంద్రుడు రథంతో వచ్చి, కుక్కను వదలి రమ్మని ధర్మరాజును ఆహ్వానిస్తాడు. ధర్మరాజు నిరాకరిస్తాడు.

ఆయన సమాధానం సంస్కృత మూలంలో ఉన్న తీరు ఇక్కడ గమనార్హం. కుక్క తనను ఎంతగా ప్రేమిస్తున్నదో ఆయన వాదించడు. దాని ఉపయోగాన్నీ ప్రస్తావించడు. అది తనను ఆశ్రయించింది, దానికి వేరే దిక్కు లేదు, అది బలహీనం – ఇవే ఆయన చూపే కారణాలు. ఆశ్రితుణ్ణి వదలడం మహాపాపాలతో సమానమంటాడు. తమ్ములను, భార్యను వదలి వచ్చినవాడివి కుక్కను వదలలేవా అని ఇంద్రుడు అడిగితే, వారు జీవించి ఉండగా తాను విడువలేదని, మరణించినవారితో చేయగలిగేదేమీ లేదని బదులిస్తాడు. ఈ సందర్భంలో ఆయన నమ్మిన ధర్మం పేరు ఆనృశంస్యం, అంటే క్రౌర్యం లేకపోవడం. చివరికి ఆ కుక్క యమధర్మరాజని తెలుస్తుంది. అయితే ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ధర్మరాజు నిరాకరణకు నైతిక విలువ ఉండేది కాదు. ఆయన దాన్ని కుక్కగానే భావించి విడువలేదు.

తోపాల్ బృందం కొలిచిన అనుబంధాన్ని ఈ వెలుగులో చూస్తే దాని అర్థం స్పష్టమవుతుంది. ఆ అనుబంధం ఇరువురికీ సమానం కాదు. మనిషికి కుటుంబం, స్నేహితులు, ఉద్యోగం ఉన్నాయి. పెంపుడు కుక్కకు తిండి, నీడ, సాంగత్యం అన్నీ ఒకే ఇంటి నుంచి వస్తాయి. పైగా ఆ పరాధీనతను కుక్క కోరి తెచ్చుకోలేదు. మనిషి వేల ఏళ్ల పెంపకంతో దాన్ని ఏర్పరచాడు, ప్రతి ఇంటిలోనూ మళ్లీ ఏర్పరుస్తున్నాడు. పరాధీనతను కల్పించినవారిపైనే దాన్ని భరించే బాధ్యత ఉంటుంది. జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధిలో మనుషులతో పాటు ఒక కుక్కపిల్ల అవశేషాలున్నాయి. తీవ్రమైన వ్యాధిని వారాల తరబడి అనుభవించిన ఆ పిల్ల, మనుషుల సంరక్షణ లేకుండా అంతకాలం బతికేది కాదని 2018లో వాటిని పరిశీలించినవారు నిర్ధారించారు. వేటకూ కాపలాకూ పనికిరాని స్థితిలో ఉన్న ప్రాణిని కాచుకోవడం ఈ బంధంలో అంత పాతది.

బాధ్యతకు హద్దులు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇంటి కుక్క సరే, వీధికుక్కపట్ల ఎవరికి బాధ్యత? కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పదేపదే ఎదురైన అపరిచితుల విషయంలో వీధికుక్కలు తిండికంటే నిమరడానికే ఎక్కువ స్పందించి వారిని నమ్మాయి. నమ్మే గుణం యజమాని ఉన్న కుక్కలకే పరిమితం కాదన్నమాట. అయితే మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నదన్నది కూడా అంతే నిజం. కరిచిన కుక్కను చూసి భయపడే పిల్లవాడి పక్షాన మాట్లాడటం క్రౌర్యం కాదు. ఆనృశంస్యం అతనికీ వర్తిస్తుంది. దేశ రాజధాని ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ సోకినవీ దూకుడుగా ప్రవర్తించేవీ మినహా మిగిలినవాటిని శస్త్రచికిత్స, టీకాల తరువాత అవి ఉన్న చోటనే వదలాలన్నది. ఈ రెండు ఆదేశాల మధ్య జరిగిన వాదోపవాదాలలో ఒక విషయం మరుగున పడింది. వీధిలోకి వచ్చే కుక్కలలో కొన్ని ఒకప్పుడు ఎవరో ఒకరి ఇంటివే. వీధి సమస్యకు పరిష్కారం మున్సిపాలిటీలు, న్యాయస్థానాలు వెతకవలసిందే. కానీ ఇంటి తలుపు తీసి కుక్కను బయటకు పంపేవారి దోషాన్ని ఏ ఆదేశమూ పంచుకోలేదు.

ముగింపు

కుక్కకూ మనిషికీ మధ్య బంధం ఉందని, దానికి శారీరకమైన ఆధారం ఉందని విజ్ఞానం చూపింది. ఆ ఆధారం బంధాన్ని అబద్ధం చేయదు. అదే విజ్ఞానం కుక్క చూపును మనిషి తప్పుగా చదువుతాడని కూడా హెచ్చరించింది. బాధ్యతకు మూలం కుక్క ప్రేమ పరిమాణంలో లేదని, వేరే దిక్కులేని దాని స్థితిలో ఉందని మహాప్రస్థానిక పర్వం సూచిస్తున్నది. తెలుగులో కుక్కను ఎన్ని తిట్లలో వాడినా 'విశ్వాసఘాతకి' అన్న మాట మాత్రం దానికి తగిలించలేదు. ఆ మాట మనిషికే మిగిలింది.