కోటకి ఫోటో, చెరువుకి?

1565 తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని హంపీ నుంచి పెనుకొండకి మార్చాడు. ఆ కోటలో ఇప్పుడు గగన్ మహల్, కొన్ని గుళ్ళు, కొండ మీద కూలిన గోడలు మిగిలాయి. మనం వెళ్తాం, ఫోటోలు దిగుతాం, ‘ఎట్లాంటిది ఎట్లయిపోయింది’ అని నిట్టూరుస్తాం. దగ్గర్లోనే బుక్కపట్నంలో బుక్కరాయల పేరు మోస్తున్న ఊళ్ళో పెద్ద చెరువుంది. చిత్రావతి పారితే నిండుతుంది. దాని ముందు నిలబడి ఎవరూ నిట్టూర్చరు. పని మానేశాకే ఏదైనా మనకి వారసత్వం అవుతుందా?

పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. రోజుకి వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని అందులో ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలూ, ఉండకూడని ఆరు దోషాలూ ఉన్నాయి. అంటే వాళ్ళకి చెరువు ఒకసారి కట్టేసి వదిలేసేది కాదు.

అలాగని పనికొచ్చేదే కాపాడాలి అనలేను. గుప్తనిధుల కోసం పాత గుళ్ళు తవ్వేవాడు కూడా పనికొచ్చేదాని కోసమే తవ్వుతున్నాడు కదా. కోట విషయంలో మన బాధ్యత చెయ్యి పెట్టకపోవడం. అది తేలిక. చెరువంటే పూడిక తియ్యాలి, కట్ట మీద ముళ్ళకంప కొట్టాలి, తూము చూసుకోవాలి. శిఖం భూమిలోకి జరిగొచ్చినవాణ్ణి అడగాలి. వాడు మన చిన్నాన్నే అయితే?