ఎవరి కార్డు, ఎవరి చేతులు

మా అమ్మ బీడీలు చేసేది. కోరుట్లలో మా వాడంతా అంతే. అరుగు మీద చాట, చాట చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. "బయటికి పోయేది లేదు, ఇంట్ల కూసోని చేసుకునుడేనాయె" అని మగవాళ్లు అనేవాళ్లు. అమ్మా అదే అనేది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, ఉద్యోగం దొరక్క, పేజీకింత అని అనువాదాలూ, గంటకింత అని రికార్డింగులు విని రాసిపెట్టే పనీ చేస్తున్న నాకు ఇప్పుడు బంధువులు చెప్పేదీ అదే మాట. లాప్‌టాప్ ఉంటే చాలట!

ఇంట్లో కూర్చుని చేసే పనికి వేళాపాళా ఉండదనీ, పొయ్యి మీది కూరకూ పేజీకీ మధ్య మనిషి చీలిపోతుందనీ ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నన్ను తొలుస్తున్నది వేరే సంగతి.

అమ్మకు బీడీ కార్డు ఉండేది. చిన్నమ్మకు లేదు. చిన్నమ్మ చేసినవీ, అక్క ఆకు కత్తిరించి ఇచ్చినవీ, బడి నుంచి రాగానే నేను దారం చుట్టినవీ అన్నీ అమ్మ కార్డు మీదే పడేవి. పి.ఎఫ్. అమ్మ పేరునే. టేకేదారు కట్టలు విప్పి చూసి, బాగాలేవని కొన్ని పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు, అవి తిరిగి చేతికీ రావు. ఆ రోజు ఎవరి బీడీలు పోయాయో చిన్నమ్మకూ అమ్మకూ మధ్య చిన్న తగువు. నష్టం మాత్రం ఎక్కువసార్లు చిన్నమ్మదే అయ్యేది.

రెండేళ్ల కింద ఒక సంస్థ నాకు పుస్తకం అనువాదం ఇచ్చింది. గడువు తక్కువ. ఉట్నూరు వైపు నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతున్న ఒకమ్మాయికి సగం పేజీలు ఇచ్చాను, నాకొచ్చే రేటులో సగానికి. వాళ్లమ్మ ఎండాకాలం అడవిలో తునికాకు తెంపుతుంది, కట్టల లెక్కన కూలి. ఆ ఆకే బీడీ అయి కోరుట్లలో మా అరుగు మీదికొస్తుందని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. తర్వాత సంస్థవాళ్లు పద్దెనిమిది పేజీలు బాగాలేవని డబ్బు కోసేశారు. అవి ఆమె చేసినవి. నేను ఆమెకు కోసేశాను. పేజీలు మాత్రం కాస్త దిద్ది పుస్తకంలో వేసుకున్నారు.

అమ్మకు చెప్తే, "ఆ పిల్లకు పైసలిచ్చినవా?" అని అడిగింది.

"వాళ్లు నాకే ఇయ్యలేదమ్మా."

"టేకేదారు గూడ మాకు గట్లనే చెప్తుండె బిడ్డా."

రేటు నేను పెట్టింది కాదు, నిజమే. కానీ సగానికి ఇవ్వాలని నాకెవరూ చెప్పలేదు. 'స్వతంత్రంగా' పనిచేయడమంటే, పైనుంచి వచ్చిన నష్టాన్ని కిందికి తోయగల స్వాతంత్ర్యం కూడానా?

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చేసేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కించింది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తీసేసిన బీడీలకు కూలి సంగతి తేల్చమని అడిగే చోటు కూడా ఆ చట్టంలో ఉండింది. మా వాడలో ఎవరూ అడగలేదు, అడిగితే మర్నాడు ఆకు రాదు. అయినా అడిగే హక్కు కాగితం మీద ఉండింది. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్లు అమల్లోకొచ్చి ఆ చట్టం రద్దయింది. సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికులను మొదటిసారి గుర్తించింది. కాకపోతే, సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాళ్లనే నిర్వచనంతో. ఉద్యోగులుగా కాదు. తెలిసినవాళ్ల ద్వారా పేజీలు తెచ్చుకునే నేను అందులో ఎక్కడ ఉంటానో! నా చేతి కింద పనిచేసిన అమ్మాయి అయితే ఎక్కడ ఉంటుందో అదీ తెలియదు. ఆమెకు యజమాని ఎవరని ఏ అధికారైనా అడిగితే నా పేరే చెప్పాలి.

అమ్మతో మాట్లాడిన వారానికి ఆ పద్దెనిమిది పేజీల డబ్బు పంపాను, పూర్తి రేటుకే. "థాంక్స్ అక్కా" అని మెసేజ్ పెట్టింది. పుస్తకం మీద మాత్రం అనువాదకురాలిగా నా పేరొక్కటే ఉంది. రెండో ముద్రణలో ఆమె పేరూ వేయమని సంస్థవాళ్లకు ఉత్తరం రాసి పెట్టుకున్నాను. వాళ్ల దగ్గర్నుంచి నాకు ఇంకో పుస్తకం రావాల్సి ఉంది. ఉత్తరం ఇంకా పంపలేదు.