చిత్రసేకరణము – చిత్తశుద్ధి

జపానుదేశమున ఎడో యుగమునందు (1603–1868) కొయ్యపలకలపై చెక్కి అచ్చొత్తిన శృంగారచిత్రములను ‘షుంగా’ యందురు. వసంతచిత్రమని దాని యర్థము. ఆ పాతపుటలను నేడు పలుదేశములవారు వెలయిచ్చి కొని కూర్చుకొనుచున్నారు. ఇది మర్యాదస్థుడు చేయదగిన పనియేనా యను ప్రశ్నకు రెండు తొందరపాటు సమాధానములు కలవు. బూతుబొమ్మలు కూర్చువాడు కాముకుడే యనునది మొదటిది. కళకు నీతితో పనిలేదనునది రెండవది. రెండును విచారణకు తలుపుమూయునవే.

మొదటిదానిని పరిశీలింతము. కియొనగా, ఉతమారో, హొకుసాయి వంటి మహాచిత్రకారులే వీనిని రచించిరి. ఉతమారో ‘ఉతమకురా’ 1788లో వెలువడెను. చిత్రకారుని గీతను చెక్కుపనివాడు చెర్రీమాను పలకపై నిలుపును. అచ్చువాడు రంగునకొక పలకచొప్పున కాగితముపై నద్దును. ప్రకాశకుడు పెట్టుబడి పెట్టును. నలుగురి యోర్పు కలిసినగాని పుట సిద్ధింపదు. వీనికి ‘నవ్వుబొమ్మలు’ అనియు పేరు కలదు. పెక్కుపుటలలో బొమ్మలప్రక్కనే సరససంభాషణ లుండును. స్త్రీసుఖమునకును పురుషసుఖముతోపాటు చోటుండును. 1722లో ప్రభుత్వము నిషేధించినను ఇవి చాటుగా వెలువడుచునే యుండెను. మన యాలంకారికులు శృంగారమును రసములలో మొదట లెక్కించిరి. ఇట్టి పనితనము నంతయు ఒక్క మాటతో త్రోసిపుచ్చుట చూడక తీర్పు చెప్పుటయే.

అంతమాత్రమున రెండవ సమాధానము నిలువదు. ఈ చిత్రములలో కొన్ని ఎడోనగరపు యోషివారా యను వేశ్యావాటికకు చెందినవి. అచ్చటి స్త్రీలలో పెక్కురు, పేదతలిదండ్రులు ముందుగా సొమ్ము పుచ్చుకొని ఒప్పందముపై పంపిన బాలికలుగా వచ్చినవారు. పట్టువస్త్రముల మడతల నంత సొగసుగా గీచిన కుంచె ఆ ఋణపత్రమును గీయలేదు. దిక్కులేక మరణించిన యోషివారా స్త్రీలను మినోవాలోని జోకాన్‌జీ దేవాలయమున పాతిపెట్టుచుండిరి. 1872లో విముక్తిశాసనము వెలువడినను, వేశ్యావృత్తినిరోధక చట్టము వచ్చుటకు 1956 వరకు వేచియుండవలసి వచ్చెను. బలాత్కారమును వినోదముగా చూపిన పుటలును ఈ పుస్తకములలో లేకపోలేదు. గీత యెంత చక్కనిదైనను ఆ దోషము గుణము కాజాలదు. భోగముమేళములను గూర్చిన వాదములు విన్న మన యిండ్లకు ఈ విచారణ క్రొత్తది కాదు. పాట మధురమా యనుట యొక ప్రశ్న. పాడినదానికి కాదనగల స్వాతంత్ర్యముండెనా యనుట వేరొక ప్రశ్న. ఒకదానికి చెప్పిన జవాబు రెండవదానికి చెల్లదు.

కావున దోషాదోషములు వస్తువునందు కంటె దానిని ఉంచుకొను తీరునందే యెక్కువగా నున్నవి. షుంగాచిత్రములు తరచుగా 12 పుటల మాలగా వెలువడెడివి. లాభమునకై వానిని విడదీసి అమ్మువాడును, తెలిసి కొనువాడును, ఒక గ్రంథమును చంపుటలో భాగస్వాములు. సంభాషణము నేమియు చదివించుకొనక శరీరములనే చూచువానికి దొరకినది సగము చిత్రమే. ఇక తాళము సంగతి. 1865లో జార్జి విట్ ఇచ్చిన సేకరణముతో బ్రిటిషు మ్యూజియము చేరిన చిత్రములు చిరకాలము రహస్యాగారమున నుండెను. ఆ మ్యూజియమే 2013లో వీనిని ప్రదర్శించినది. 16 ఏండ్లలోపువారి విషయమై తలిదండ్రులను హెచ్చరించుటయు మరువలేదు. 2015లో టోకియోలోని ఎయిసెయి బుంకో ప్రదర్శించినపుడు రెండు లక్షలకు పైగా జనులు చూచిరి. వారిలో స్త్రీలును పెక్కుమంది. పిల్లలకు మరుగు అవసరమే. పెద్దల విచారణకు మరుగు అవసరము లేదు.

సేకర్త తన్ను తాను పరీక్షించుకొనుటకు నాకు తోచిన మార్గమొకటి కలదు. అతడు పెట్టె తాళము తీసి, భార్య ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క పుటను చూపగలడా? “ఈమె యెవరు? ఇందామె యిష్టమెంత?” అని ఆమె యడిగినచో జవాబు వెదకగలడా? కొంత సిగ్గు కలుగవచ్చును. సిగ్గు అపరాధము కాదు. ఆ ప్రశ్నలకు జంకి పెట్టె మూయువాడు మాత్రము తాను దాచుచున్నది బొమ్మలను కాదనియు, తన చూపునే యనియు తెలిసికొనవలెను.