మధ్యలో ఎవరూ లేని కబురు

మేడారం జాతరకు పోయినవాళ్లకు తెలుసు, గద్దెల దగ్గర జనం పెరిగేకొద్దీ ఫోను మూగబోతుంది. పక్క చెట్టు కిందున్న తమ్మునికి పంపిన మెసేజీ కూడా ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు పోయి రావాలి మరి. ఈ చుట్టుతిరుగుడు లేని యాప్‌లు ఇప్పుడున్నాయి. బ్రియార్ ఒకటి, 2025లో వచ్చిన బిట్‌చాట్ ఇంకొకటి. బ్లూటూత్‌తో ఒక ఫోను నుంచి పక్క ఫోనుకు, అక్కడి నుంచి మరో ఫోనుకు కబురు దుముకుతుంది. బిట్‌చాట్‌లో ఏడు దుముకుల దాకా పోతుంది. ఫోన్ నంబరు కూడా అడగదు.

2020లో మడికొండలో ఐటీ కంపెనీలు తెరుచుకున్నాయి. రేపు మన పిల్లలూ అక్కడ కూర్చుని ఇట్లాంటివి తయారుచేయవచ్చు. అందుకే వాళ్లను ఇప్పుడే అడుగుతున్నాను: మధ్యలో ఎవరూ లేనప్పుడు మాటకు పూచీ ఎవరిది?

విశాఖ మన్యం ఊళ్లలో కబురు మోయడానికి బారికి ఉండేవాడు. అతను మోసేది ఎవరి మాటో ఊరికి తెలుసు. అనుమానమొస్తే నిలబెట్టి అడగవచ్చు. ఫోనులో పాకే పుకారును ఎవరిని నిలబెట్టి అడుగుతాం? 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అనుమానించి జనం ఐదుగురిని కొట్టి చంపారు. చనిపోయినవాళ్లు నాథ్ గోసావీలు, ఊరూరా బిచ్చమెత్తి బతికే సంచార జాతి. రైన్‌పాడ ఆదివాసీలుండే పల్లె. కాబట్టి ఇది పైవాళ్ల సంగతి అని మనం మొహం తిప్పుకోలేం. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వార్డు ఒకసారికి ఐదు చాట్‌లకే అని కట్టడి పెట్టింది. సర్వరు లేనిచోట అట్లా కట్టడి పెట్టమని ఎవరిని నిలదీయాలి?

మూసేయడం జవాబు అనుకోను. 2023 మేలో ప్రభుత్వం బ్రియార్‌తో సహా 14 యాప్‌లను ఆపింది, కశ్మీరులో ఉగ్రవాదులు వాడుతున్నారని. అదే ఏడాది జూలైలో జంపన్నవాగు పొంగి ములుగు జిల్లా కొండాయి మునిగింది. అట్లాంటి రాత్రి టవరు పనిచేయకున్నా పక్కింటికి మాట చేర్చే సాధనం ప్రాణంతో సమానం.

బ్లూటూత్ అందేది కొన్ని పదుల మీటర్లే. మొదటి దుముకులో పంపినవాడు కేకేస్తే పలికే దూరంలోనే ఉంటాడు, పోయి అడగవచ్చు. ఏడో దుముకుకు ముఖం మిగలదు. తాళం వేసిన మాటను చదవకుండా మోసే ఫోనుకు తప్పు అంటదు. చదివి, ఎవరన్నారో కనుక్కోకుండా ఇంకొకరికి చెప్పినవాడికి అంటుతుంది. బ్రియార్‌లో ఎదురెదురుగా నిలబడి ఒకరి ఫోనును ఒకరు స్కాన్ చేసుకొని పరిచయం కలుపుకునే పద్ధతి ఉంది. ఈ సంగతి తరగతిలో చెప్పేటప్పుడు నేనైతే ముందు దానినే వివరిస్తాను.