ఒక పదమునకు రెండు తూకములు

ఖురానునందలి నాలుగవ సూరాకు ‘అన్నిసా’ యని పేరు, స్త్రీలని యర్థము. అందలి 34వ ఆయతులో, భార్యయందు ‘నుషూజ్’ పొడసూపునని భర్త భయపడినచో అతడు వరుసగా చేయదగిన పనులు మూడు చెప్పబడినవి. మొదటిది హితబోధ, రెండవది పడకయందు ఎడబాటు, మూడవదానికి వాడిన క్రియ ‘దరబ’ యను ధాతువునుండి పుట్టినది. కొట్టుట యని దాని ప్రసిద్ధార్థము. ఈ మూడవ మాటను గూర్చి జరుగుచున్న వాదము చదువరులలో పలువురు వినియే యుందురు. మేమును దానిని గూర్చి కొంత చెప్పబోవుచున్నాము గాని, చిక్కు అంతకు ముందరి మాటయందే ప్రారంభమైనదని మా తలంపు.

ఎత్తైన నేలను అరబ్బులు ‘నష్జ్’ అందురు. ఆ ధాతువే 58వ సూరా 11వ ఆయతులో సభనుండి లేచుటకు వాడబడినది. రెండవ సూరా 259వ ఆయతులో ఎండిన యెముకలు మరల లేచి కూడుకొనుటకు వాడబడినది. పైకి లేచుట యను భావము అన్నిచోట్లను ఉన్నది. దాంపత్యమును గూర్చి చెప్పినప్పుడు, ఒకరు రెండవవారిపై ఎత్తుగా లేచి నిలుచుట యని పూర్వవ్యాఖ్యాతలు చెప్పిరి. ఇంతవరకు తగవు లేదు.

అయితే ఈ ‘నుషూజ్’ ఆ నాలుగవ సూరాలోనే 128వ ఆయతులో మఱల వచ్చుచున్నది. అక్కడ అది భర్తయొక్క నుషూజ్. దానికి భయపడునది భార్య. ఇప్పుడు అనువాదములను చూడుడు. హైదరాబాదులో నిజాము కొలువున నుండి ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికను నడపిన పిక్తాల్ దొర తన యాంగ్లానువాదమును 1930లో ప్రకటించెను. ఆయన భార్య నుషూజును ‘తిరుగుబాటు’ అనెను. భర్త నుషూజును ‘సరిగా చూడకపోవుట’ అనెను. కొలది సంవత్సరములకు వెలువడిన యూసుఫ్ అలీగారి గ్రంథములోను భార్యయందైన నది విశ్వాసలోపము, దుర్నడత. భర్తయందైన క్రౌర్యము, విడనాడుట. తిరుగుబాటు పాలితులు చేయునది; సరిగా చూడకపోవుట ఏలువారు చేయునది. అరబ్బీలో లేని సింహాసన మొకటి అనువాదములో వెలసినది!

వీరు కల్పించి వ్రాసిరని మే మనము. ప్రాచీన వ్యాఖ్యాతలు కూడ రెండుచోట్ల రెండు విధములుగానే వివరించిరి. చికిత్సలును వేఱే. భార్యయెడ భర్త చేయవలసినవి పైన చెప్పితిమి. భర్తయెడ మాత్రము సంధి మేలని యున్నది, ఆ సంధికై భార్య తన హక్కులలో కొంత వదలుకొనవచ్చునని వ్యాఖ్యలున్నవి. చికిత్స వేఱైనంతమాత్రమున రోగము పేరు మారవలెనా? మూలము చదువువానికి రెండును ఒకటే మాటయని కనబడును. ‘ఎందుచేత నీ భేదము?’ అని వాడు ఆలోచింపగలడు. అనువాదము చదువు గృహిణికి ఆ ప్రశ్నయే పుట్టదు. ఆ ప్రశ్నను ఆమెకు దక్కనీయకపోవుటయే అన్యాయమని మే మనుచున్నాము. మన తెలుగునకు ఈ విషయమున మంచిమాట యున్నది: మిట్టిపాటు. మిట్టవలె పైకెగయుట దానియందును కలదు. మగవాడును మిట్టిపడును, ఆడుదియు మిట్టిపడును. (అన్ని మాటలయందును మనమింత నిష్పాక్షికులము కాము, ‘గయ్యాళి’కి పుంలింగము చెప్పుమన్న తడబడుదుము.)

ఇక ‘దరబ’ సంగతి. ఖురానులో నిది ప్రయాణము చేయుటకు వచ్చినది, ఉపమానము చెప్పుటకు వచ్చినది, మోషే కఱ్ఱతో రాతిని కొట్టుటకును వచ్చినది. ఇరాను సంతతికి చెందిన అమెరికా విదుషి లాలే బక్తియార్ 2007లో ప్రకటించిన అనువాదములో ఇచ్చట ‘వారినుండి తొలగిపొండు’ అని వ్రాసెను. విడాకులు పొందబోవు స్త్రీని హింసించుటకై నిలిపి యుంచరాదని రెండవ సూరా 231వ ఆయతు శాసించుచుండగా, కాపురము చేయుచున్న స్త్రీని కొట్టవచ్చునా యని యామె వాదము. ఆ ప్రశ్నకు బలమున్నది. ఆ వ్యాకరణమునకు అంత బలము లేదు. ప్రయాణార్థమున ఆ క్రియ ‘భూమియందు’ అను మాటతో కూడి వచ్చును. ఇక్కడ స్త్రీలే నేరుగా కర్మపదము.

సదుద్దేశముతోనైనను పదమును వంచవచ్చునా? వంచు విద్య ఇరుప్రక్కలకును ఉపయోగించును. పదవ శతాబ్దిలో గతించిన తబరీ మహావ్యాఖ్యాత, రెండవ చికిత్సయైన ఎడబాటు పదమును ఒంటెను కట్టు త్రాటి పేరుతో ముడిపెట్టి, భార్యను ఇంటిలో కట్టివేయుట యని యర్థము చెప్పెను. సెవిల్ నగరపు న్యాయాధిపతి ఇబ్నుల్ అరబీ పండ్రెండవ శతాబ్దిలో దీనిని చదివి, అంతటి పండితునకు ఇంతటి స్ఖలనమా యని నొచ్చుకొనెను.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున కూడ తప్పుచేసిన భార్యను త్రాటితోనో వెదురుబద్దతోనో కొట్టవచ్చునని యున్నది. తలపై మాత్రము కొట్టరాదట. ఆ శ్లోకమును ప్రక్కకు నెట్టినంతనే హిందువునకు హిందుత్వము పోదు. ఖురానును దైవవాక్యమని నమ్మిన ముస్లిమునకు అది యంత సులువు కాదు. కావుననే వారికి ఒక ధాతువుపై నింత పెనుగులాట. దానిని చూచి నవ్వుట మనకు తగదు.

వాక్యమును విడువకయు, పదమును వంచకయు నడచినవారు వారిలోనే యున్నారు. ఎనిమిదవ శతాబ్దిలో మక్కా ధర్మజ్ఞుడు అతా ఇబ్న్ అబీ రబాహ్, భార్య చెప్పినమాట వినకున్నను భర్త కొట్టరాదు, కోపము మాత్రము చూపవచ్చునని తీర్పు చెప్పెను. ప్రవక్త తన చేతితో ఏ స్త్రీనిగాని సేవకునిగాని కొట్టలేదని ఆయేషా చెప్పినట్లు హదీసు కలదు. అతా అరబ్బీ నేర్చిన విధమును ఎవ్వరును తప్పుపట్టజాలరు; ‘దరబ’కు అర్థ మాతనికి తెలియును. అట్లు తెలిసియే చేయి దింపుమనెను. ట్యునీసియాలో 1973 వరకు జీవించిన ఇబ్న్ ఆషూర్ మఱికొంత ముందునకు పోయి, భర్తలు హద్దు మీరుచున్నారని ప్రభువులకు తోచినచో ఆ యనుమతినే నిలిపివేసి, భార్యను కొట్టినవానికి శిక్ష తప్పదని చాటింపవచ్చునని తన వ్యాఖ్యానములో వ్రాసెను.